ప్రబంధ కవులను తూచిన కట్టమంచి

హోసూరులో గానీ కృష్ణగిరిలో గానీ ఒక తెలుగు పుస్తకం వెలువడిందంటే మనకు అది పండుగే. బాగలూరు, బేరికె, తళి, డెంకణికోట, వేపనపల్లి వైపు పల్లెల నుండి తెలుగు మీద మమకారం గలవారు వచ్చి కూర్చుంటారు. రచయితకు శాలువా కప్పుతారు. వేదిక ఎక్కినవారందరూ మెచ్చుకుంటారు. పుస్తకంలో లోపం కనబడినవారు సైతం ఆ మాట అక్కడ అనరు. సభ ముగిసి కాఫీ త్రాగేటప్పుడు ప్రక్కవారి చెవిలో అంటారు.

ఇందుకు కారణం లేకపోలేదు. 2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళ అభ్యసన చట్టం చేసిన నాటి నుండి మన బడులలో తెలుగు చదువు ఎంత ఇరుకున పడిందో ఈ పత్రిక చదివే ప్రతి కుటుంబానికీ తెలుసు. చదివేవారే తగ్గుతున్న చోట వ్రాసేవారు ఎందరుంటారు? ఆ కొద్దిమందిలో పేరు తెచ్చుకున్న ఒకరు, పేరున్న మరొకరి రచనను నలుగురిలో తప్పుపడితే అసూయ అంటారు, ఇంటిగుట్టు వీధిలో పెట్టాడంటారు. అందుచేత అందరూ మౌనం వహిస్తారు. ఈ మౌనం భాషకు మేలు చేస్తున్నదా, కీడు చేస్తున్నదా అన్న సందేహం ఈ వ్యాసకర్తకు చాలాకాలంగా ఉన్నది.

ఆ సందేహంతో చూసినప్పుడు మన పొరుగునే పుట్టిన ఒక మహనీయుని జీవితం జ్ఞాపకం వస్తుంది. ఆయన పేరు కట్టమంచి రామలింగారెడ్డి. సి.ఆర్. రెడ్డి అంటే దేశమంతటా తెలుసు. మన తొరపల్లిలో 1878 డిసెంబరు 10న జన్మించిన రాజాజీని కూడ ఆనాటివారు సి.ఆర్. అనే పిలిచేవారు. సరిగా రెండేండ్ల తరువాత, అదే డిసెంబరు 10న, 1880లో, చిత్తూరును ఆనుకొని ఉన్న కట్టమంచి గ్రామంలో రామలింగారెడ్డి జన్మించారు. తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డి, తల్లి నారాయణమ్మ. ఆనాడు హోసూరు సేలం జిల్లాలోనిది, చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. రెండూ మద్రాసు రాజధానిలోనివే. నేటి ఎల్లలు అప్పటికి లేవు. కట్టమంచి ఇప్పుడు చిత్తూరు పట్టణంలో కలిసిపోయింది గానీ కట్టమంచి చెరువు పేరు మాత్రం నిలిచే ఉన్నది.

చెరువు మాట వచ్చింది గనుక ఆయన మొదటి కావ్యం సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుతున్న రోజులలో, 1899లో, అక్కడి ఆంధ్రభాషాభిరంజని సంఘంవారు ఒక కావ్య పోటీ పెట్టారు. పందొమ్మిదేండ్ల రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణము' అనే చిన్న పద్యకావ్యం వ్రాసి బహుమతి పొందారు. మరుసటి సంవత్సరం అది అచ్చయింది.

అందులోని కథ మన పల్లెలవారికి చెప్పకుండానే అర్థమయ్యేటటువంటిది. అనంతపురం ప్రక్కన బుక్కరాయసముద్రం చెరువు ఉన్నది. ఒక ఏడు వానలు విపరీతంగా కురిసి కట్ట తెగే స్థితి వచ్చింది. ఊరు కొట్టుకొనిపోవడం ఖాయమనుకున్న వేళ, ఊరి పెద్ద బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలి కోరుతున్నట్లుగా దైవవాణి వినబడింది. ఆ ఇల్లాలు బిడ్డను, భర్తను, అత్తమామలను విడిచి, ఊరి కోసం తానే నడిచి వెళ్లి నీటిలో కలిసిపోయింది. చెరువు నిలిచింది. ఈనాటికీ ఆ కట్టను ముసలమ్మ కట్ట అనే పిలుస్తారు. చెరువు క్రింద మడి గలవారికి ఈ కథలోని భయమేమిటో, త్యాగమేమిటో వేరే వివరించనక్కరలేదు.

తెలుగు కావ్యమంటే రాజో, దేవతో, అప్సరసో నాయికానాయకులుగా ఉండవలెనని పండితులు తలచే కాలమది. పురవర్ణన, ఋతువర్ణన, చంద్రోదయం, వివాహం, ఇట్లా అష్టాదశ వర్ణనలు నిండితేనే ప్రబంధమనిపించుకునేది. అటువంటి కాలంలో కాపువారి కోడలిని నాయికగా నిలిపి, కావ్యాన్ని ఆమె మరణంతో ముగించడం సాహసమే. పండితులతో వాదానికి దిగకముందే, కావ్యమెట్లా ఉండవలెనని తాను అనుకున్నాడో ఆ యువకుడు ఒకసారి వ్రాసి చూపించాడు. తరువాతి కథకు ఇది ముఖ్యం.

ఆ పైన ఆయన చదువు వేగంగా సాగింది. ప్రభుత్వ విద్యార్థివేతనం లభించి ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చరిత్ర చదివారు. అక్కడి యూనియన్ చర్చాసభకు ఉపాధ్యక్షులుగా ఎన్నికైనారు. ఆ సభలో ఒకరు ప్రతిపాదిస్తారు, మరొకరు ఖండిస్తారు, ముగిసిన తరువాత ఇద్దరూ కలిసి భోజనం చేస్తారు. మన వైపు ఖండించినవాడు మరుసటి శుభకార్యానికి పిలుపు రాదేమోనని చూసుకోవలసి వస్తుంది. రామలింగారెడ్డి స్వదేశానికి తిరిగి వచ్చినప్పుడు పట్టాతో పాటు ఆ అలవాటును కూడ తెచ్చుకున్నారని అనుకోవచ్చు. బరోడాలో కొంతకాలం పనిచేసి, పిమ్మట మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యులుగా చేరారు.

మైసూరులో ఉన్న కాలంలోనే, 1914లో, 'కవిత్వతత్త్వ విచారము' వెలువడింది. తెలుగులో ఆధునిక విమర్శకు ఆదిగ్రంథాలలో ఒకటిగా దానిని నేటికీ లెక్కిస్తారు. పదహారవ శతాబ్దికి చెందిన పింగళి సూరన వ్రాసిన 'కళాపూర్ణోదయము' ఆ గ్రంథానికి ప్రధాన విషయం. కానీ సూరనను పరిశీలించే నెపంతో ఆయన ప్రబంధయుగాన్నే బోనులో నిలబెట్టారు. కవులు రాజాస్థానాల నీడలో బ్రతుకుతూ ప్రజల జీవితానికి దూరమైనారన్నది ఆయన మొదటి అభియోగం. వర్ణనలు పెరిగి కథ చిక్కిపోయిందని, శ్లేషలు, శబ్దచమత్కారాలు మితిమీరి భావన అడుగంటిందని, శృంగారం మోతాదు మించిందని ఆయన నిర్మొహమాటంగా వ్రాశారు. ఎత్తిపొడుపు కూడ ఆ వచనంలో కావలసినంత ఉన్నది. తిక్కన భారతాన్ని మాత్రం ఎత్తి చూపించారు. పాత్రలు మనుషులవలె మాట్లాడడం, సంఘటనలు ఒకదానినుండి మరొకటి పుట్టడం అక్కడ చూడమన్నారు.

సూరన విషయంలో ఆయన తీర్పు ఏకపక్షంగా లేదు. పురాణం నుండి అరువు తెచ్చుకోకుండా అంత చిక్కైన కథను సొంతంగా అల్లినందుకు ఆ కవిని మెచ్చుకున్నారు. సుగాత్రీ శాలీనుల కథను ప్రత్యేకంగా ఆదరించారు. కాపురానికి వచ్చి కూడ దగ్గర కాలేకపోయిన భార్యాభర్తలు తోటపనిలో ఒకరికొకరు చేరువయ్యే ఆ కథ, మన రైతు కుటుంబాలకు సైతం నచ్చేదే. బాగున్న చోట బాగున్నదని, చెడిన చోట చెడినదని, ఎందుచేతనో కారణంతో సహా చెప్పడం ఆ గ్రంథంలోని పద్ధతి.

అలజడి రేగింది. ఆంగ్ల విద్య చదివి వచ్చినవాడు సీమ తూనికరాళ్లతో మన కవులను తూస్తున్నాడని పండితులు ఆగ్రహించారు. ఖండనలు వచ్చినవి. ఇక్కడ ఒక ఆక్షేపణ ఎవరికైనా తోచవచ్చు. సూరన, పెద్దన, రామరాజభూషణుడు ఎన్నడో గతించినవారు గదా, చనిపోయినవారిని విమర్శించడంలో ధైర్యమేమున్నది అని. నిజానికి ఆ కవులు గతించినా వారి కావ్యాలను జీవితమంతా పాఠం చెప్పి గౌరవం పొందిన పండితులు సజీవంగా ఉన్నారు. 'మనుచరిత్ర', 'వసుచరిత్ర' చదివితేనే తెలుగు వచ్చినట్లు లెక్కించే కాలమది. ఈ కావ్యాలను తప్పుపట్టడమంటే ఇంటింటా పూజలందుకునే విగ్రహాన్ని తాకడమే. ఒక కావ్యంతో బహుమతి, కళాశాలలో ఉద్యోగం, విదేశీ పట్టా అన్నీ చేతిలో ఉన్నవాడు మౌనంగా ఉండి మంచివాడనిపించుకోవచ్చును. ఆయన అట్లా చేయలేదు.

మన సాహిత్యంలో కవులు కవులను బహిరంగంగా ఎదుర్కోవడం అంతకు ముందు లేకపోలేదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో 'వివేకవర్ధని' పత్రిక ప్రారంభించిన తరువాత, 'ఆంధ్రభాషాసంజీవని' నడిపిన కొక్కొండ వేంకటరత్నం పంతులుగారితో పెద్ద వాదం నడిచింది. కొక్కొండవారు 'హాస్యవర్ధని' పెడితే వీరేశలింగంగారు 'హాస్యసంజీవని' పెట్టారు. పేర్లు చూస్తేనే ఒకరినొకరు ఎట్లా గిల్లుకున్నారో తెలుస్తుంది. తిరుపతి వేంకటకవుల 'గీరతము' అయితే వివాదంలోనే పుట్టిన రచన. ఆ కలహాలు తెలుగువారికి చాలా వినోదాన్ని ఇచ్చినవి, వచనానికి పదును కూడ పెట్టినవి. కానీ వాటిలో చాలాచోట్ల రచన వెనుకకు పోయి రచయిత ముందుకు వస్తాడు. ఎవరు గొప్ప అన్న పంతం మిగులుతుంది. రామలింగారెడ్డి గ్రంథంలో ఎత్తిపొడుపులు ఎన్ని ఉన్నా, చదివి మూసిన తరువాత మనకు జ్ఞాపకముండేది కావ్యంలో పాత్ర ఎట్లా ఉండాలి, కథ ఎట్లా నడవాలి అన్న చర్చయే.

తరువాత 1928లో అక్కిరాజు ఉమాకాంత విద్యాశేఖరులు 'నేటికాలపు కవిత్వము' వ్రాసి, అప్పుడు యువకుల నోళ్లలో నానుతున్న భావకవులను సంప్రదాయపు కొలతతో తీవ్రంగా విమర్శించారు. కట్టమంచివారు క్రొత్త కొలతతో పాతవారిని, ఉమాకాంతంగారు పాత కొలతతో క్రొత్తవారిని పరీక్షించారు. ఇద్దరి తీర్పులనూ పూర్తిగా ఒప్పుకున్నవారు తక్కువే. అయినప్పటికీ ఆ రెండు పుస్తకాలు చదవకుండా తెలుగు కవిత్వం గురించి మాట్లాడడం కష్టమైపోయింది.

మన చుట్టూ ఉన్న తమిళ సోదరులలో కూడ ఇటువంటిదే జరిగింది. తిరుచెంగోడు గాంధీ ఆశ్రమంలో రాజాజీ వద్ద పనిచేసి, పిదప 'ఆనంద వికటన్' పత్రికతో ఇంటింటికీ పరిచయమైన కల్కి కృష్ణమూర్తి, 1930ల నడుమ, భారతి మంచి కవియే గానీ ఆయనను ప్రపంచ మహాకవుల వరుసలో నిలపవచ్చునా అని సందేహం వెలిబుచ్చారు. వ. రామస్వామి మొదలైనవారు గట్టిగా ఎదురు నిలిచారు. పత్రికల నిండా వాదోపవాదాలు సాగినవి. ఆ వాదం పుణ్యమా అని భారతిని అంతకు ముందు చదవనివారు సైతం చదివారు. విశేషమేమంటే, ఎట్టయపురంలో భారతికి స్మారకమండపం కట్టడానికి పూనుకొని, పాఠకుల చందాలతో దానిని సాధించినది ఆ కల్కిగారే. 1947లో దానిని తెరిచారు.

తిరిగి మైసూరుకు వద్దాం. కట్టమంచివారి గుణం తెలియాలంటే ఆయన వ్రాసిన విమర్శ ఒక్కటే చాలదు. తనతో ఏకీభవించనివారిని ఎట్లా చూశారో కూడ చూడాలి. 1912లో మైసూరు మహారాజా కళాశాలకు తెలుగు పండితులు కావలసి వచ్చినప్పుడు, అనంతపురం జిల్లాకు చెందిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ అక్కడికి రావడానికి రామలింగారెడ్డిగారే కారకులు. అప్పటికి శర్మగారికి ఇరవై ఏండ్లు కూడ నిండలేదు. రాళ్లపల్లివారు సంగీతం, సంస్కృతం, ప్రాకృతం, తెలుగు అన్నీ ఎరిగిన రసికులు. తరువాతి కాలంలో ఆయన వ్రాసిన వ్యాసాలు, ముఖ్యంగా రాయలనాటి రసికతను గురించి వ్రాసినది, ప్రబంధ కవులను వేరొక చూపుతో చూస్తాయి. రెడ్డిగారికి దోషంగా కనబడిన చోట శర్మగారికి ఆ కాలపు జీవనోత్సాహం కనబడింది. భిన్నాభిప్రాయం వారి నడుమ స్నేహానికి అడ్డు రాలేదు. రెడ్డిగారు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉండగానే, 1928లో, ఆ విశ్వవిద్యాలయం తరఫున శర్మగారు అనంతపురంలో వేమనపై ఉపన్యాసాలు ఇచ్చారు. మరుసటి ఏడు పుస్తకమైన ఆ ఉపన్యాసాలను వేమన మీద వెలువడిన గ్రంథాలలో ఉత్తమమైనదిగా ఇప్పటికీ చెబుతారు.

మైసూరు సంస్థానంలో విద్యాశాఖ ఉన్నతాధికారిగా పనిచేసి 1921లో ఉద్యోగం వదిలిన తరువాత రెడ్డిగారు రాజకీయాలలో ప్రవేశించారు. మొదట జస్టిస్ పార్టీలో ఉన్నారు. ఆ పార్టీ ప్రభుత్వ తీరు నచ్చక బయటికి వచ్చి, 1923 నవంబరులో పానగల్లు రాజావారి మంత్రివర్గంపై మద్రాసు శాసనసభలో తామే అవిశ్వాస తీర్మానం ప్రవేశపెట్టారు. 44 ఓట్లకు ఎదురుగా 65 ఓట్లతో అది వీగిపోయింది. నిన్నటి వరకు కలిసి నడిచినవారిని చెవులు కొరుక్కోవడం కాక సభలో నిలబడి తప్పుపట్టడం ఆయన స్వభావం. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు మొదటి ఉపాధ్యక్షులు ఆయనే. 1930లో శాసనోల్లంఘన ఉద్యమాన్ని ప్రభుత్వం అణచివేసిన తీరుకు నిరసనగా ఆ పదవికి రాజీనామా చేశారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ పదవీకాలం తరువాత, 1936లో, మరల అదే పదవికి వచ్చి 1949 వరకు కొనసాగారు. ఆ నడుమ 1942లో ప్రభుత్వంవారి సర్ బిరుదును స్వీకరించారు. 1930 నాటి రాజీనామాను మెచ్చుకున్నవారిలో కొందరికి ఇది నచ్చలేదంటే ఆశ్చర్యం లేదు.

విశ్వవిద్యాలయం చేతిలో ఉన్న రోజులలో ఆయన మాట బరువు పెరిగింది. పాఠ్యపుస్తకం, ఉద్యోగం, సన్మానం, అన్నీ ఆ బల్ల మీదుగానే పోయేవి. అటువంటి స్థానంలో ఉన్నవాని విమర్శ చిన్నవాని నెత్తిన పిడుగే అవుతుంది. రెడ్డిగారు ఆ సంగతి ఎరిగినట్లే కనబడుతుంది. ఆ కాలంలో ఆయన వద్దకు పీఠికలు కోరుతూ వచ్చిన రచయితలు ఎందరో. ఆయన వ్రాసిన పీఠికలను చేర్చి 'లఘుపీఠికా సముచ్చయము' అని వేశారు. 'కవిత్వతత్త్వ విచారము'లోని కత్తి ఈ పీఠికలలో ఒరలోనే ఉంటుంది. ప్రోత్సాహమే ఎక్కువ. ఒక్కొక్కసారి ఆ మెప్పు కొంచెం ఉదారంగా ఉన్నదని కూడ అనిపిస్తుంది. రాజులు, పండితులు మూడు నాలుగు వందల ఏండ్లు నెత్తిన పెట్టుకున్న కవులకు ఒకడు ఎదురుచెప్పినంత మాత్రాన నష్టం లేదు. నిన్న మొదటి పుస్తకం వేసిన పల్లె కుర్రవానికి మాత్రం నష్టమున్నది.

ఇంత చెప్పి ఆయన లోపాలను దాచడం ఆయన పద్ధతికే విరుద్ధమవుతుంది. శృంగారం విషయంలో రెడ్డిగారి చూపు కొంత ఇరుకైనదనే ఈ వ్యాసకర్త అభిప్రాయం. కేంబ్రిడ్జిలో విక్టోరియా కాలపు గాలి ఇంకా వదలని రోజులలో చదివిన ప్రభావం అందులో కనబడుతుంది. వర్ణనను కథకు అడ్డుగా మాత్రమే చూడడం వలన, పద్యాన్ని చెవితో ఆస్వాదించే తెలుగువాని అలవాటుకు ఆయన తగిన విలువ ఇవ్వలేదు. రాత్రి వేళ గుడి ముందర భారతం చదువుతుంటే, అర్థం సగమే తెలిసినా తల ఊపుతూ విన్న మన పెద్దలను ఆ కొలతలో ఎక్కడ పెట్టాలి?

మరొక లోపం ఆయనకే నష్టం కలిగించినది. 'ముసలమ్మ మరణము' తరువాత ఆయన నుండి ఆ స్థాయి కావ్యం మరొకటి రాలేదు. వ్యాసాలు వచ్చినవి, అర్థశాస్త్రంపై గ్రంథం వచ్చింది, ఉపన్యాసాలకు లెక్కే లేదు. కవిత్వం ఆగిపోయింది. ఇతరులను తూచే త్రాసు ఎప్పుడూ చేతిలో పట్టుకున్నవానికి తన పద్యం కూడ ఆ తట్టలో తేలికగా కనబడి ఉండవచ్చును, లేదా పదవులు, రాజకీయాలు కాలాన్ని మింగి ఉండవచ్చును. ప్రతిభావంతుడు విమర్శకు దిగితే తన సృష్టిని పోగొట్టుకుంటాడని హెచ్చరించేవారు ఈ ఉదాహరణను చూపితే త్రోసిపుచ్చడం కష్టం.

ఆయన వివాహం చేసుకోలేదు. చివరి దశలో మైసూరు విశ్వవిద్యాలయంతో మరల సంబంధం ఏర్పడి అక్కడ ప్రో చాన్సలరుగా ఉన్నారు. 1951 ఫిబ్రవరి 24న, డెబ్బై ఏండ్ల వయసులో, పరమపదించారు.

ఆయన తూచిన 'కళాపూర్ణోదయము' మాత్రం పండితుల పెట్టెలలో ఉండిపోలేదు. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ దానిని ఆంగ్లంలోకి అనువదించి అమెరికాలో ప్రచురించారు. సూరనను కట్టమంచివారు చూసినట్లు వారు చూడలేదు. ప్రబంధయుగంపై ఆయన ఇచ్చిన తీర్పును వారు ఒప్పుకోరు. 1914లో మొదలైన వాదం ఎనభై ఎనిమిదేండ్ల తరువాత, సముద్రాలకు ఆవల కూడ సాగుతూనే ఉన్నది.